భార్యకో భర్తకో నాలుగో స్టేజీ క్యాన్సర్: ముప్పైల్లో ఉన్న జంటకు సమగ్ర మార్గదర్శి

డెబ్బై ఏళ్ల పెద్దాయనకు క్యాన్సర్ ముదిరితే చూసుకోవడానికి కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు ఉంటారు. ముప్పై నాలుగేళ్ల మనిషికి వస్తే లెక్క తారుమారవుతుంది. ఇంటి లోను ఇంకా పదిహేనేళ్లు ఉంటుంది, పాపది యూకేజీ, తల్లిదండ్రులకు బీపీ, షుగరు. బరువంతా జీవిత భాగస్వామి మీదే పడుతుంది. పదిహేను రోజులు తిరిగేసరికి ఆ మనిషే డ్రైవరు, క్యాషియరు, నర్సు, బంధువుల ఫోన్లకు జవాబు చెప్పే గుమస్తా. భార్యగానో భర్తగానో పక్కన కూర్చునే టైమే ఉండదు. అందుకే ఈ మార్గదర్శి పొడుగునా ఒకే లెక్క నడుస్తుంది: ఎవరైనా చేయగల పని ఎవరికైనా ఇచ్చేయండి, మీరు మాత్రమే చేయగలిగింది మీ దగ్గర ఉంచుకోండి.

1. మొదటి వారం: డాక్టరును ఏమడగాలి

ఓపీ రద్దీలో నిలబడి అడిగితే అరకొర జవాబులే వస్తాయి. "మాట్లాడటానికి ఇరవై నిమిషాలు కావాలి, ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగి విడిగా టైము తీసుకోండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, రాసుకోవడానికి ఇంకో మనిషిని వెంట తీసుకెళ్లండి.

మొదటి ప్రశ్న: ఈ వైద్యం జబ్బును పూర్తిగా తగ్గించడానికా, అదుపులో ఉంచడానికా? జబ్బు వేరే అవయవాలకు పాకిన దశే నాలుగో స్టేజీ, కానీ అవన్నీ ఒకటి కావు. వృషణాల క్యాన్సర్ వేరే చోట్లకు పాకినా చాలాసార్లు నయమవుతుంది, కొన్ని లింఫోమాలు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లు) నాలుగో స్టేజీలోనూ నయమవుతాయి. పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కు ఒకటి రెండు చోట్ల మాత్రమే పాకితే ఆపరేషన్‌కు అవకాశం ఉండొచ్చు. చాలా మిగతావాటిలో లక్ష్యం అదుపే. రెండో ప్రశ్న: మందు పనిచేస్తోందో లేదో ఎప్పుడు తెలుస్తుంది? సాధారణంగా రెండు మూడు సైకిళ్ల (కీమో విడతల) తర్వాత స్కాన్ తీస్తారు. మూడోది: క్యాన్సర్ కణాల్లో మార్పులు చూసే మ్యుటేషన్ టెస్టులన్నీ అయ్యాయా? ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, ఆల్క్, రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 లాంటివి పాజిటివ్ అయితే మందే మారిపోతుంది, కొందరికి కీమో బదులు మాత్రలే సరిపోతాయి. సిగరెట్ ముట్టని చిన్న వయసు వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ కనబడితే ఈ టెస్టు తప్పనిసరిగా అడగాలి. నాలుగోది: రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఏ నంబరుకు చేయాలి?

సెకండ్ ఒపీనియన్‌కు వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. బయాప్సీ చేసిన ల్యాబు నుంచి స్లైడ్లు, పారఫిన్ బ్లాకు (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్క) అడిగి తీసుకోండి, స్కాన్ సీడీ కూడా. బ్లాకు పోతే మళ్లీ బయాప్సీ చేయాల్సి వస్తుంది కాబట్టి కొరియర్‌కు ఇవ్వకుండా చేత్తో తీసుకెళ్లడం మేలు.

ఒక రింగు ఫైలు పెట్టండి. అన్నిటికన్నా పైన ఒకే పేజీ: పేరు, వయసు, జబ్బు పేరు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మాత్రలు డోసులతో, చివరి కీమో తేదీ, డాక్టరు నంబరు. క్యాజువాలిటీలో కొత్త డ్యూటీ డాక్టరుకు ఈ పేజీ చాలు. దాని ఫోటో ఇంట్లో ముగ్గురి ఫోన్లలో ఉండాలి.

2. పేషెంటుకు చెప్పాలా వద్దా

"వాడికి చెప్పకండి, గుండె ఆగిపోతుంది" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు డాక్టరును గది బయటే ఆపేస్తారు. ప్రేమతోనే అంటారు, కానీ ఎక్కువసార్లు ఇది పనిచేయదు. ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) బోర్డు కింద కూర్చుని, జుట్టు రాలి, పక్క బెడ్డువాళ్లతో మాట్లాడిన మనిషికి విషయం అర్థమై ఉంటుంది. అందరూ దాస్తున్నారని తెలిసి తనూ దాస్తాడు. అలా ఇద్దరూ ఒకే మంచం మీద విడివిడిగా ఏడుస్తారు.

అన్నీ ఒక్కసారే చెప్పక్కర్లేదు. ముందు అడగండి: "రిపోర్టుల సంగతి నీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది? అన్నీ నీకే చెప్పమందామా, నాకు చెబితే చాలా?" ఆ జవాబును అలాగే డాక్టరుకు చేరవేయండి. "నాకేం కాదు కదా?" అని అడిగితే "ఏం కాదులే" అనకండి. "నీకు ఏది భయంగా ఉంది?" అని తిరిగి అడిగితే అసలు మాట బయటకొస్తుంది. చాలామంది భయం చావు కన్నా నొప్పి గురించి, పిల్లల గురించి ఉంటుంది.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు జబ్బు పేరు చెప్పేయాలి. చెప్పకపోతే స్కూలు ఆటోలో ఎవరో చెబుతారు. మూడు మాటలు తప్పక చెప్పండి: అమ్మకు క్యాన్సర్ అనే జబ్బు వచ్చింది, అది నీకు అంటుకోదు కాబట్టి పక్కన పడుకోవచ్చు, నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు. ఆ వయసు పిల్లలు చాలామంది తప్పు తమదేననుకుంటారు. "దేవుడి దగ్గరికి నిద్రపోవడానికి వెళ్తుంది" లాంటి మాటలు వద్దు, పిల్లలకు నిద్రంటే భయం పట్టుకుంటుంది. క్లాస్ టీచరుకు కూడా చెప్పి ఉంచండి.

3. ప్యాలియేటివ్ కేర్: మొదటి నుంచే

ఈ మాట వినగానే "ఇక చేతులెత్తేశారు" అనుకుంటారు. అది పొరపాటు. నొప్పి, వాంతులు, ఆయాసం, నిద్ర, భయం వీటిని చూసే విభాగం ఇది. కీమో నడుస్తుండగానే వెళ్లొచ్చు, వెళ్లాలి. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రిలో ఈ విభాగం ఉంది. తెలంగాణలో జిల్లాల్లో ప్రభుత్వ 'ఆలన' కేంద్రాలున్నాయి. హైదరాబాద్ ఖాజాగూడలో స్పర్శ్ హాస్పీస్ (ముదిరిన జబ్బువాళ్లను చూసుకునే చోటు) ఉచితంగా సేవ చేస్తుంది. ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. నొప్పి భరించలేని రోజు కొత్త చోట క్యూ కట్టడం కష్టం. బాగున్నప్పుడే ఒకసారి వెళ్లి ఓపీ చీటీ చేయించుకుని, ఇంటికి వచ్చి చూసే టీమ్ ఉందా అని అడిగి రండి.

4. నొప్పి

ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. రోజూ మూడు పూటలా నొప్పికి 0 నుంచి 10 మధ్య ఎంతో అడిగి నోట్‌బుక్‌లో రాయండి. ఎక్కడ, ఎలాంటి నొప్పి అన్నది కూడా రాయండి. మంటలా, కరెంటు షాకులా ఉంటే అది నరాల నొప్పి. దానికి గట్టి నొప్పికి ఇచ్చే మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కలుపుతారు. ఒకే ఎముకలో నొప్పి ఉంటే రేడియేషన్ తరచు ఒక్క సిట్టింగ్‌తోనే తగ్గిస్తుంది, అడగండి. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని రోజుల తరబడి వేయకండి, కిడ్నీలు, కడుపు దెబ్బతింటాయి.

మార్ఫిన్ అంటే అలవాటైపోతుందని, అదే ఆఖరి మందని భయపడతారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన లెక్కలో వాడితే వ్యసనం అరుదు, ఆయుష్షూ తగ్గదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆస్పత్రులు దీన్ని నిల్వ ఉంచి ఇవ్వడం సులువైంది. మామూలు మెడికల్ షాపుల్లో మాత్రం సాధారణంగా దొరకదు. అందుకే పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే తర్వాతి చీటీకి బయలుదేరాలి, పండగ సెలవులు లెక్కవేసుకోండి.

వెంటనే పనిచేసే మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు 4 గంటలే. కాబట్టి నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి. ఉదాహరణకు డాక్టరు 10 మిల్లీగ్రాముల మాత్ర రాస్తే ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6కి ఒక్కొక్కటి, రాత్రి 10కి రెండు ఇస్తారు. రాత్రి రెండింతలు వేసేది తెల్లవారుజామున 2 గంటలకు లేపకుండా ఉండటానికి. రోజుకు మొత్తం 60 మిల్లీగ్రాములు. మధ్యలో నొప్పి ఎగదన్నితే అందులో ఆరో వంతు, అంటే 10 మిల్లీగ్రాములు అదనంగా వేయొచ్చని రాస్తారు. ఆ అదనపు డోసులు ఎన్నిసార్లు పడ్డాయో రాసి పెట్టండి. రోజుకు మూడు నాలుగు దాటుతుంటే అసలు డోసు చాలడం లేదని డాక్టరుకు అర్థమవుతుంది. చాలామందికి ఇంకా చిన్న డోసుతోనే మొదలుపెడతారు. డోసు మార్చడం డాక్టరు పనే.

వాంతి వచ్చినట్లుండటం, మగత మొదటి మూడు నాలుగు రోజులు ఉండి తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, మార్ఫిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అందుకే మొదటి రోజు నుంచే విరేచనానికి మందు రాయించుకోండి, బైసాకొడిల్ గానీ సెన్నా గానీ. ఇసబ్‌గోల్ వద్దు. నీళ్లు సరిగ్గా తాగని మనిషికి అది పేగులో గట్టిపడి ఇంకా బిగిస్తుంది. మూడు రోజులు విరేచనం లేకపోతే ఫోన్ చేయాలి. "మార్ఫిన్ పడలేదు" అని ఆపేసిన వాళ్లలో ఎక్కువమంది ఆపింది ఈ మలబద్ధకం వల్లే.

లేపినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి 8 కన్నా తక్కువ ఉండటం ప్రమాద సూచనలు, వెంటనే ఫోన్ చేయండి. కిడ్నీ దెబ్బతిన్న వాళ్లలో ఇది త్వరగా వస్తుంది. ఫెంటానిల్ ప్యాచ్ (చర్మం మీద అతికించే నొప్పి మందు) ఇస్తే అది 72 గంటలకోసారి మార్చేది. మొదటిసారి అతికించాక పూర్తిగా పట్టడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, అంతవరకు పాత మందు ఎలా వాడాలో అడిగి రాసుకోండి. కత్తిరించకూడదు, దాని మీద వేడినీళ్ల కాపడం పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

5. కీమో రోజులు, జ్వరం

గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి: 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే ఆస్పత్రికి. కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాల కౌంట్లు బాగా పడిపోతాయి. అప్పుడు వచ్చిన జ్వరం గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. "ముందు పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం" అన్నదే పెద్ద తప్పు. మాత్రతో జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. వెళ్లగానే "కీమో పేషెంటు, జ్వరం, ఫలానా తేదీన కీమో" అని చెప్పండి, తొందరగా యాంటీబయోటిక్ ఎక్కిస్తారు.

కీమో తర్వాత 48 గంటలు మూత్రం, వాంతి, చెమటలో మందు అంశాలుంటాయి. శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, మూత పెట్టి రెండుసార్లు ఫ్లష్ చేయండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. పక్కన పడుకోవడానికి, ముద్దు చేయడానికి భయం లేదు. శారీరకంగా కలిస్తే కండోమ్ వాడాలి, కీమో నడిచినన్నాళ్లూ గర్భం రాకూడదు. దీని గురించి డాక్టరు అడగరు, మీరే అడగాలి. కలయిక సాధ్యం కానప్పుడు కూడా మంచాలు వేరు చేయకండి. ఆస్పత్రి మంచం వేసినా పక్కనే మీ మంచం ఆనించి వేసుకోవచ్చు.

నోటి పూతకు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి రెండు మూడు గంటలకోసారి పుక్కిలించాలి. మౌత్‌వాష్‌లలో స్పిరిట్ ఉంటే మంట ఎక్కువవుతుంది.

6. తిండి

అత్తగారికీ మీకూ గొడవ వచ్చేది ఇక్కడ. "ఏం పెట్టడం లేదు, చిక్కిపోయాడు" అంటారు. ముదిరిన క్యాన్సర్‌లో కండ కరగడం తిండి తక్కువై మాత్రమే రాదు, జబ్బే శరీరాన్ని కరిగిస్తుంది. బలవంతంగా రెండు ముద్దలు కుక్కితే వాంతే గానీ బరువు రాదు. ఈ మాట డాక్టరు చేతే పెద్దవాళ్లకు చెప్పించండి, మీరు చెబితే సాకులా వినపడుతుంది.

మూడు పూటల భోజనం మానేసి రెండు గంటలకోసారి చిన్న గిన్నెడు: రాగిజావ, మజ్జిగ, పెసరకట్టు, మెత్తటి ఇడ్లీ, చారన్నంలో నెయ్యి, ఉడికించిన గుడ్డు. తాలింపు వాసనకు వికారం వస్తే వంట చేసేటప్పుడు తలుపు మూయండి, చల్లగా ఉన్న తిండి పెట్టండి. కౌంట్లు తక్కువున్న రోజుల్లో పచ్చి కూరగాయలు, బయటి పానీపూరి, చెరుకురసం వద్దు.

లక్ష్మణఫలం, ఆకు పసర్లు, భస్మాలు అంటూ వాట్సాప్‌లో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. లక్ష్మణఫలం క్యాన్సర్‌ను తగ్గిస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. భస్మాల్లోని లోహాలు కిడ్నీ, లివర్‌ను దెబ్బతీసి కీమో ఆపాల్సిన పరిస్థితి తెస్తాయి. దాచి వాడటం కన్నా డాక్టరుకు చెప్పి ఆపడం మంచిది. పూజలు, మొక్కులు, ఆంజనేయస్వామి తాయెత్తు మాత్రం కాదనకండి, వాటితో నష్టం లేదు, అమ్మకు అదే ఊరట.

7. ఆగకుండా బయలుదేరాల్సినవి

- కొత్తగా వెన్నునొప్పి, కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి, మూత్రం రాకపోవడం. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో. అదే రోజు ఎంఆర్‌ఐ కావాలి. కాళ్లు పూర్తిగా పడిపోయాక వెళ్తే తిరిగి రావడం కష్టం.
- ముఖం, మెడ ఉబ్బి ఊపిరాడకపోవడం.
- విపరీతమైన దాహం, మలబద్ధకం, ఆపై మతి తప్పడం. రక్తంలో కాల్షియం పెరిగినప్పుడు ఇలా ఉంటుంది, సెలైన్, ఇంజక్షన్‌తో చాలాసార్లు తగ్గుతుంది.
- ఒకే కాలు వాచి నొప్పి, లేదా హఠాత్తుగా ఆయాసం. రక్తం గడ్డ కావొచ్చు.

పుండు నుంచి వాసన వస్తుంటే మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా పొడి చేసి, శుభ్రం చేసిన పుండు మీద చల్లుతారు. ప్యాలియేటివ్ నర్సును అడిగి నేర్చుకోండి. రక్తం కారే అవకాశం ఉందంటే ముదురు రంగు తువాళ్లు మంచం దగ్గర పెట్టండి, తెల్ల గుడ్డ మీద రక్తం చూస్తే పేషెంటూ పిల్లలూ బెదిరిపోతారు.

8. డబ్బు, కాగితాలు

చేతి ఖర్చు గురించి మొహమాటపడకుండా ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ పనులు చూసే సహాయకుణ్ని) మొదటి రోజే కలవండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షలు. ఆంధ్రలో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉన్న ఉద్యోగి అయితే క్యాన్సర్‌కు పొడిగించిన అనారోగ్య భృతి జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు వస్తుంది, చాలామందికి ఈ సంగతే తెలియదు. రైల్లో వైద్యానికి వెళ్లే క్యాన్సర్ పేషెంటుకు స్లీపర్, త్రీ టైర్ ఏసీలో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి ఫారంతో కౌంటర్లో టికెట్ తీసుకోవాలి.

చేయి సంతకం పెట్టగలిగే రోజుల్లోనే ఇవి పూర్తిచేయండి. "చావు గురించి ఆలోచిస్తోంది" అని ఎవరైనా అంటే అననివ్వండి.

1. పీఎఫ్ నామినీ. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరి అమ్మానాన్నల పేరు రాసి ఉంటే, పీఎఫ్ నిబంధనల ప్రకారం పెళ్లితో ఆ నామినేషన్ చెల్లకుండా పోతుంది. కొత్తది ఆన్‌లైన్‌లో వేయండి. సర్వీసులో ఉండగా పోతే పీఎఫ్‌కు అనుబంధమైన బీమా కింద 7 లక్షల వరకు రావచ్చు కాబట్టి తొందరపడి రాజీనామా చేయకండి. జీతం లేని సెలవు దొరుకుతుందేమో చూడండి.
2. బ్యాంకు ఖాతా ఇద్దరి పేర్ల మీద, "ఇద్దరిలో ఎవరైనా, లేదా మిగిలినవారు" పద్ధతిలో.
3. వీలునామా. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త పోతే భార్య, పిల్లలు, ఆయన తల్లి సమాన వాటాదారులు. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, యజమాని కాదు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. రిజిస్టర్ చేయిస్తే తగాదా తగ్గుతుంది. వాటా వచ్చేవాళ్లను సాక్షిగా పెట్టకపోవడం మంచిది.
4. ఐసీయూ, వెంటిలేటర్ కావాలా వద్దా అన్న ఆదేశం. సుప్రీంకోర్టు 2018లో దీనికి దారి చూపి 2023లో సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు.
5. ఫోన్, ఈమెయిల్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌లు ఒక కాగితం మీద.

9. బంధువులు, మీరు

"ఏదైనా కావాలంటే చెప్పు" అన్నవాళ్లకు అక్కడికక్కడే పని చెప్పండి. మరిదికి మందులు, స్కాన్ బుకింగ్. ఆడపడుచుకు పిల్లల టిఫిను, హోంవర్కు. ఆరోగ్యశ్రీ కాగితాలు బావగారికి. రిపోర్టుల సంగతి అడిగేవాళ్లకు ఒక్క తమ్ముడే గ్రూపులో మెసేజ్ పెడతాడు, మీరు ఎవరికీ జవాబివ్వరు. వారంలో రెండు రాత్రులు ఇంకొకరు మేల్కొని ఉండాలి, ఇది మాత్రం బేరం లేకుండా పెట్టుకోండి. "ఈమె వచ్చిన వేళ" అనే మాట ఎవరి నోటైనా వస్తే వాళ్లను పేషెంటు గదిలోకి రానివ్వకండి, పెద్దమనిషి చేత చెప్పించండి.

నిద్ర లేకపోవడం, ఆకలి లేకపోవడం రెండు వారాలు దాటితే, బతకాలని లేదనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలీమానస్ లైన్, తెలుగులో మాట్లాడతారు.

10. చివరి వారాలు

మంచం దిగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. గాలి పరుపు ఉన్నా తిప్పడం మానకూడదు. ఆయాసానికి ఆక్సిజన్ సిలిండర్ కన్నా ముందు కిటికీ తెరిచి, ముఖం మీదికి చిన్న చేతి ఫ్యాన్ పట్టి, ముందుకు వంగి దిండు మీద ఆనుకునేలా కూర్చోబెట్టండి. డాక్టరు చెబితే చిన్న డోసు మార్ఫిన్ ఆయాసాన్నీ తగ్గిస్తుంది.

తిండి, నీళ్లు ఆగిపోతాయి. అప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, తడి దూదితో పెదాలు, నోరు తుడవండి. తులసితీర్థం కూడా అలాగే, ఒక్క చుక్క చాలు. గొంతులో గరగర వింటే ఇంట్లోవాళ్లు భయపడతారు, మగతలో ఉన్న మనిషికి అది బాధ కలిగించదని తెలిసి ఉండాలి. పక్కకు తిప్పితే తగ్గుతుంది. మాటలు వినబడుతూ ఉండొచ్చు, అందుకే ఆ గదిలో ఖర్చుల లెక్కలు మాట్లాడకండి.

ఇంట్లోనే ఉండాలనుకుంటే చూస్తున్న డాక్టరుకు ముందే చెప్పి ఉంచండి, మరణ కారణ పత్రం ఆయనే ఇవ్వాలి. కొసలో కంగారుపడి 108కి ఫోన్ చేస్తే ఐసీయూకు తీసుకెళ్లే అవకాశమే ఎక్కువ. ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి చేయకూడదో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మరణాన్ని 21 రోజుల్లో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించి పది కాపీలు తీసుకోండి. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి, పిల్లలకు అందకుండా తాళం వేసి, ఇచ్చిన ఆస్పత్రికే తిరిగి అప్పగించండి.